ఫ్రెంచ్ ఓపెన్ 2025 పురుషుల సింగిల్స్ ఫైనల్: ఎక్కువ పాయింట్లు గెలిచినవాడు ఎలా ఓడిపోయాడు?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)
9 జూన్ 2025, ఉదయం 6:20

సభ్యులందరికీ నమస్కారం. మృగశిర కార్తె ప్రవేశించిన నిన్నటి ఆదివారం సాయంత్రం ఆరున్నరకు టీవీ ముందు కూర్చున్నవాణ్ని, అర్ధరాత్రి దాకా లేవలేదు. యానిక్ సినర్, కార్లోస్ అల్కరాజ్ ఆడిన ఆ ఫైనల్ 5 గంటల 29 నిమిషాలు సాగింది. 1982లో మాట్స్ విలాండర్, గిలెర్మో విలాస్ 4 గంటల 42 నిమిషాల పాటు ఆడిన ఫైనలే ఇంతవరకు ఈ టోర్నమెంటులో అతి దీర్ఘమైనది. ఆ రికార్డు నిన్నటితో చెరిగిపోయింది.

చూడలేకపోయినవారి కోసం స్కోరు రాస్తున్నాను. అల్కరాజ్ 4-6, 6-7, 6-4, 7-6, 7-6 తేడాతో గెలిచాడు. మొదటి రెండు సెట్లు పోగొట్టుకున్నాక ఒక మ్యాచ్ గెలవడం అతని జీవితంలో ఇదే మొదటిసారి. నాలుగో సెట్‌లో సినర్ 5-3తో ముందున్నాడు. అల్కరాజ్ సర్వీస్‌లో స్కోరు 0-40కి చేరింది. అంటే సినర్‌కు వరుసగా మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు దొరికాయి; వాటిలో ఒక్కటి గెలిచినా కప్పు అతనిదే. మూడింటినీ అల్కరాజ్ కాచుకున్నాడు.

ఉదయం నుంచి నాకు వస్తున్న సందేశాలన్నింటిలో ఒకటే మాట: "సినర్ చేతికందిన కప్పును జారవిడుచుకున్నాడు." లెక్కలు చెప్పే ఉపాధ్యాయుణ్ని కనుక ఈ మాటను అలాగే ఒప్పుకోలేకపోతున్నాను. సర్వ్ చేసే ఆటగాడు నూటికి 60 పాయింట్లు గెలుస్తాడనుకుందాం. అతడు వరుసగా మూడు పాయింట్లు గెలిచే అవకాశం 21.6 శాతం. అక్కడ డ్యూస్ (40-40 సమం) అవుతుంది; డ్యూస్ నుంచి గేమ్ గెలిచే అవకాశం 69 శాతం చిల్లర. రెండింటినీ గుణిస్తే 15 శాతం వస్తుంది. ఈ టోర్నమెంటు ఆడే మట్టి కోర్టులో సర్వీస్‌కు బలం తక్కువ కాబట్టి 60కి బదులు 55 తీసుకున్నా 10 శాతం ఉంటుంది. అంటే ఇలాంటి వంద గేమ్‌లలో పదీ పదిహేను నిలబడతాయి. అరుదైన సంగతే గాని, ఎదుటివాడి తప్పు లేకుండా జరగనిదేమీ కాదు.

ఇంతకంటే నన్ను నిద్రపోనివ్వని లెక్క మరొకటి ఉంది. మ్యాచ్ మొత్తంలో సినర్ గెలిచిన పాయింట్లు 193, అల్కరాజ్ గెలిచినవి 192. ఓడినవాడివే ఎక్కువ. అయిదో సెట్ 6-6 అయ్యాక విజేతను తేల్చడానికి ఆడిన చివరి టైబ్రేక్‌ను అల్కరాజ్ 10-2తో గెలిచాడు. ఆ పన్నెండు పాయింట్లను పక్కన పెడితే, అయిదో సెట్ 6-6 అయ్యే సమయానికి సినర్ 191, అల్కరాజ్ 182. అయిదు గంటలు దాటిన ఆటలో తొమ్మిది పాయింట్లు ముందున్నవాడు ఓడిపోయాడు! దీన్ని మీరెలా అర్థం చేసుకుంటున్నారో తెలుసుకోవాలని ఉంది.

రెండో సర్వీస్ (విజయనగరం)
9 జూన్ 2025, ఉదయం 7:45

మాస్టారూ, నేను సినర్ అభిమానిని. రాత్రి నుంచి మనసు బాగాలేదు. అయినా మీ లెక్కకు ఒక విషయం చేర్చాలి. అందరూ ఆ మూడు పాయింట్ల గురించే మాట్లాడుతున్నారు. అవి అల్కరాజ్ సర్వీస్‌లో వచ్చినవి, వాటిని అతడు కాచుకోవడంలో సినర్ తప్పు వెతకనక్కరలేదు. ఆ తరువాతి గేమ్ సంగతి ఎవరూ ఎత్తడం లేదు. 5-4తో ముందుండి, బంతి తన చేతిలోనే ఉండి, ఒక్క గేమ్ నిలబెట్టుకుంటే కప్పు తనదే అయ్యే చోట సినర్ సర్వీస్ కోల్పోయాడు. ఫైనల్‌కు వచ్చేవరకు ఒక్క సెట్ కూడా వదలని ఆటగాడు, సెమీఫైనల్‌లో జొకోవిచ్‌ను మూడు సెట్లలో ఓడించినవాడు, ఆ ఒక్క గేమ్ కాపాడుకోలేకపోయాడు. నా దృష్టిలో మ్యాచ్ పోయింది అక్కడ.

అయిదో సెట్‌లో అల్కరాజ్‌కూ అదే జరిగింది. 5-4తో ముందుండి సర్వ్ చేస్తూ అతడూ సర్వీస్ పోగొట్టుకున్నాడు. గట్టున పడబోయే ప్రతిసారీ ఇద్దరూ మళ్లీ నీళ్లలోకే జారారు. ఇదంతా ఆ మట్టి వల్లనేనా? సిమెంటు కోర్టులో తప్ప నేనెప్పుడూ ఆడలేదు కాబట్టి అడుగుతున్నాను.

గంటస్తంభం (విజయనగరం)
9 జూన్ 2025, మధ్యాహ్నం 1:10

రెండో సర్వీస్ బాబుకు, నాగావళి ఒడ్డు గారికి నమస్కారం. నేను ముప్పై ఏళ్లకు పైగా మా ఊరి క్లబ్బులో మట్టి కోర్టు మీదనే ఆడాను. అందుచేత ఈ ప్రశ్నకు కొంచెం నిదానంగా జవాబు చెబుతాను.

సిమెంటు కోర్టు మీద బలంగా కొట్టిన బంతి వచ్చిన వేగంలో చాలా భాగాన్ని నిలుపుకొని ముందుకు దూసుకుపోతుంది. మట్టి మీద అలా కాదు. బంతి నేలను తాకిన క్షణంలో పైనున్న పొడి దాన్ని పట్టుకుంటుంది. ముందుకు పోయే వేగం తగ్గి, బంతి నిలువుగా లేస్తుంది. ఎదుటివాడికి ఆ లేచిన ఎత్తులో అర క్షణం అదనంగా దొరుకుతుంది. అర క్షణమంటే టెన్నిస్‌లో రెండడుగులు. సిమెంటు మీద ఒక్క దెబ్బతో ముగిసే పాయింటును ఇక్కడ మూడు నాలుగు సార్లు గెలవవలసి వస్తుంది. సర్వీస్‌కు బలం తగ్గడమూ అందువల్లనే. వెనుకబడినవాడికి మట్టి మళ్లీ మళ్లీ అవకాశం ఇస్తుంది, ముందున్నవాణ్ని మళ్లీ మళ్లీ నిరూపించుకోమంటుంది. నిన్న జరిగింది అదేనని నా నమ్మకం.

ప్యారిస్ కోర్టును చూసి అదంతా లోతైన ఎర్రమట్టి అనుకుంటాం. నిజానికి పైన కనబడే ఎరుపు ఇటుకల పొడి. దాని మందం ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. దాని కింద నలగగొట్టిన తెల్ల సున్నపురాయి, ఆ కింద బొగ్గు కాలాక మిగిలిన చిట్టెం, ఆ కింద కంకర, అన్నిటికంటే అడుగున పెద్ద రాళ్లు ఉంటాయి. ఆట ఆడేది సున్నపురాయి మీద. ఇటుక పొడి జారడానికీ, బంతిని పట్టుకోవడానికీ, కంటికి ఇంపుగా ఉండడానికీ. నీళ్లు సరిగ్గా పట్టకపోతే అదంతా గాలికి లేచిపోతుంది. సెట్ల మధ్య పనివాళ్లు వచ్చి చాపలాంటి వలను నేల మీద లాగుతూ పొడిని సర్దడం మీరు టీవీలో చూసే ఉంటారు.

మా కోర్టు పద్ధతి వేరు. గ్రావెల్ పరిచి, దాని మీద జల్లెడ పట్టిన చెరువు మట్టినీ ఇసుకనూ కలిపి వేసి, రాతి రోలరు తిప్పేవారు. కోర్టు చూసుకొనే మా మార్కరు ఎండాకాలంలో రాత్రిపూట నీళ్లు పట్టి, తెల్లవారకముందే రోలరు లాగి, తడిపిన గోనెపట్టాతో నేలంతా సర్ది, సున్నపు నీళ్లతో గీతలు గీసేవాడు. మేం అయిదున్నరకు వెళ్లేసరికి ఆ తడి మట్టి వాసన గేటు దగ్గరే ఎదురయ్యేది. ఆ నేల ఎండితే రాయిలా గట్టిపడేది గనుక బంతి ప్యారిస్‌లో లేచినంత ఎత్తు లేచేది కాదు, పాదం అంత హాయిగా జారేదీ కాదు. అయినా ఓపిక నేర్పడంలో రెండూ ఒకటే.

ఇప్పుడు మా క్లబ్బులో మిగిలిన ఆ ఒక్క మట్టి కోర్టును కూడా తీసేసి, సిమెంటు పోసి, పైన రంగు పూయాలనే ప్రతిపాదన వచ్చింది. నిన్నటి ఫైనల్ చూస్తున్నంతసేపూ నాకు అదే గుర్తుకు వస్తూ ఉంది. రోలాండ్ గారోస్ అనే ఆ మహా ఆటగాడి పేరు మీద ఫ్రాన్సువాళ్లు నూరేళ్లుగా ఒక మట్టి నేలను కాపాడుకుంటున్నారు. మనం ఒక్కటి కాపాడుకోలేమా?

ఆమదాలవలస (శ్రీకాకుళం జిల్లా)
9 జూన్ 2025, మధ్యాహ్నం 2:30

నేను మ్యాచ్ చూడలేదు, చదివాను. బంధువులను రైలెక్కించడానికి శ్రీకాకుళం రోడ్ స్టేషనుకు వెళ్లాను, బండి ఆలస్యమైంది. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఫోనులో స్కోరు చూస్తున్నాను. 5-3, 0-40 అని కనబడగానే ఇక అయిపోయిందనుకొని ఫోను జేబులో పెట్టి, సామాను ఎక్కించి, బండి కదిలాక మళ్లీ తీశాను. నాలుగో సెట్ టైబ్రేక్ అల్కరాజ్ 7-3తో గెలిచాడని ఉంది. తప్పుగా చూపిస్తున్నదేమో అనుకొని రెండుసార్లు మూసి తెరిచాను.

మహేంద్రగిరి (పలాస)
9 జూన్ 2025, రాత్రి 8:05

గంటస్తంభం గారు కోర్టు గురించి రాసిన మాటలు ఎంతో విలువైనవి. ఒక్క చిన్న సవరణ మాత్రం చేయాలి, పెద్దవారు అన్యథా భావించకూడదు. రోలాండ్ గారోస్ టెన్నిస్ ఆటగాడిగా పేరు పొందినవాడు కాదు, విమాన చోదకుడు. 1913 సెప్టెంబర్ 23న మధ్యధరా సముద్రాన్ని ఎక్కడా ఆగకుండా విమానంలో దాటిన మొదటి మనిషి ఆయనే. మొదటి ప్రపంచ యుద్ధం ముగియడానికి అయిదు వారాల ముందు, 1918 అక్టోబర్ 5న, ఆకాశంలో పోరాడుతూ మరణించాడు. 1927లో జాక్ బ్రున్యాన్, జాన్ బొరోత్రా, హెన్రీ కోషే, రెనె లకోస్ట్ అనే నలుగురు ఫ్రెంచి ఆటగాళ్లు అమెరికాకు వెళ్లి, దేశాల జట్ల మధ్య జరిగే డేవిస్ కప్ గెలుచుకొచ్చారు. మరుసటి ఏడాది ఆ కప్పును సొంతగడ్డ మీద కాపాడుకోవడానికి కొత్త స్టేడియం కావలసి వచ్చింది. 1928లో కట్టిన ఆ స్టేడియానికి గారోస్ పేరు పెట్టారు. టోర్నమెంటు మాత్రం అంతకంటే పాతది. 1891లో మొదలై, 1925లో ఇతర దేశాల ఆటగాళ్లకు తలుపులు తెరిచింది.

ఇక నాగావళి ఒడ్డు గారి ప్రశ్న. 1968లో ప్రొఫెషనల్ ఆటగాళ్లకు గ్రాండ్‌స్లామ్‌లలో (టెన్నిస్‌లోని నాలుగు అతిపెద్ద పోటీలలో) ప్రవేశం దొరికిన నాటినుంచి, ఫైనల్‌లో ఛాంపియన్‌షిప్ పాయింటు ఎదుర్కొని కూడా గెలిచిన పురుషులు ముగ్గురే. మొదటివాడు గాస్టన్ గాడియో. 2004లో ఇదే ప్యారిస్‌లో గిలెర్మో కోరియా మీద 0-6, 3-6తో వెనుకబడి, రెండు ఛాంపియన్‌షిప్ పాయింట్లు కాచుకొని, అయిదో సెట్ 8-6తో గెలిచాడు. రెండోవాడు జొకోవిచ్, 2019 వింబుల్డన్‌లో ఫెదరర్ 8-7, 40-15 వద్ద తన సర్వీస్‌లోనే రెండు అవకాశాలు కోల్పోయాడు. మూడోవాడు నిన్నటి అల్కరాజ్. ముగ్గురిలో ఇద్దరు మట్టి మీద గెలిచినవారని గమనించాలి.

నిన్నటి అయిదో సెట్‌కు టైబ్రేక్ ఉండడం కూడా కొత్త నియమమే. 2021 వరకు ఇక్కడ అయిదో సెట్‌లో టైబ్రేక్ ఉండేది కాదు, రెండు గేమ్‌ల తేడా వచ్చేదాకా ఆడవలసిందే. 2022 నుంచి నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ 6-6 దగ్గర పది పాయింట్ల టైబ్రేక్‌ను అనుసరిస్తున్నాయి. పాత నియమమే ఉండి ఉంటే, తొమ్మిది పాయింట్లు ముందున్న సినర్‌కు మరికొన్ని గేమ్‌లు దొరికేవి.

గంటస్తంభం (విజయనగరం)
9 జూన్ 2025, రాత్రి 9:00

మహేంద్రగిరి గారూ, సవరణకు ధన్యవాదాలు. ఇన్నేళ్లుగా ఆయన ఆటగాడనే నమ్మాను, పిల్లలకూ అలాగే చెప్పాను. రేపు ఉదయం క్లబ్బులో వారికి సరిచేసి చెబుతాను.

బొబ్బిలి వీణ (బొబ్బిలి)
10 జూన్ 2025, ఉదయం 10:15

నేను కొంచెం భిన్నంగా ఆలోచిస్తున్నాను. మట్టిని ఇంతగా పొగడడం నాకు సమంజసంగా తోచడం లేదు. పీట్ సాంప్రాస్ పద్నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచాడు. ప్యారిస్‌లో ఫైనల్ కూడా చేరలేదు. మెకెన్రో, కానర్స్, బెకర్, ఎడ్‌బర్గ్ ఎవరూ ఇక్కడ కప్పు ఎత్తలేదు. ఫెదరర్‌కు 2009లో ఒక్కసారే దక్కింది. అదే సమయంలో రఫెల్ నాదల్ పద్నాలుగు సార్లు గెలిచాడు. ఆడిన 116 మ్యాచ్‌లలో నాలుగే ఓడిపోయాడు. అంత గొప్పవాళ్లను బయట నిలబెట్టి, ఒక్కరికి అంతగా వశమైన నేల నిజమైన పరీక్షేనా, లేక ఒక రకం ఆటకు మాత్రమే అనుకూలించేదా? సర్వ్ చేసి వల దగ్గరికి దూసుకువెళ్లే ధైర్యం కూడా ఒక విద్యే కదా. దానికి ఇక్కడ విలువ లేదు.

మరొక సంగతి. మిగిలిన మూడు గ్రాండ్‌స్లామ్‌లలో బంతి గీత లోపల పడిందో బయట పడిందో యంత్రాలు చెబుతున్నాయి. ఈ ఏడాది వింబుల్డన్ కూడా లైన్ అంపైర్లను పక్కన పెడుతోంది. ప్యారిస్ ఒక్కటే ఇంకా మనుషుల కళ్లనూ మట్టి మీది ముద్రనూ నమ్ముకుంది. కోట్ల రూపాయల బహుమతి ఉన్న పోటీలో అంపైరు కుర్చీ దిగివచ్చి, నేల మీదకు వంగి, ఏ ముద్ర ఏ బంతిదో వెతకడం ఈ రోజుల్లో న్యాయమా?

చంపావతి (విజయనగరం)
10 జూన్ 2025, సాయంత్రం 4:40

బొబ్బిలి వీణ గారి రెండు ప్రశ్నలూ ఆలోచించదగినవే. నేను పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయినిని, ఉదయం పూట కొందరు పిల్లలకు టెన్నిస్ నేర్పుతాను. నాకు తోచినది చెబుతాను.

మొదటిది. మట్టి ఒక రకం ఆటకే అనుకూలమన్న మాటలో నిజం ఉంది, కాని ఆ రకం ఒకటే కాదు. 1989లో పదిహేడేళ్ల మైకేల్ చాంగ్ నాలుగో రౌండులో ఇవాన్ లెండిల్ మీద రెండు సెట్లు వెనుకబడి, కాళ్లు పట్టేసి నిలబడలేని స్థితిలో, చేతి కింది నుంచి సర్వ్ చేసి మరీ గెలిచి, చివరికి కప్పు కూడా గెలిచాడు. అప్పటికి ప్రపంచ ర్యాంకు 66లో ఉన్న గుస్తావో కుయెర్టెన్ 1997లో ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్‌తో ఛాంపియన్ అయ్యాడు. మొన్నటి అల్కరాజ్ బలంగా కొట్టేవాడే. అయినా అతనికి ఎక్కువ ఉపకారం చేసింది డ్రాప్ షాట్. ఎదుటివాణ్ని బేస్‌లైన్ వెనక్కి నెట్టి, అదే చేతి కదలికతో బంతిని వల అవతల మెల్లగా దించడం మట్టి మీద ఎక్కువగా పని చేస్తుంది, ఎందుకంటే అక్కడ బంతి ముందుకు పరుగెత్తదు, అక్కడికక్కడే చస్తుంది. మట్టి బలాన్ని కాదనదు. ఒక్క బలంతోనే పని జరగనివ్వదు.

పిల్లలకు నేను చెప్పేది మరొకటి ఉంది. సిమెంటు మీద పరుగెత్తి ఆగాలంటే మోకాలి మీదా మడమ మీదా భారం పడుతుంది. మట్టి మీద ఆగడం, కొట్టడం ఒకేసారి జరుగుతాయి. పాదం జారుతూ ఉండగానే బంతిని కొట్టి, ఆ జారుడు ముగిసేసరికి తిరిగి మధ్యకు బయలుదేరాలి. తొమ్మిదీ పదేళ్ల వయసులో అది ఒంటికి అబ్బితే ఇక ఎక్కడైనా ఆడగలరు. నేను నేర్పే పిల్లలకు ఆ అవకాశం లేదు, అందరూ సిమెంటు మీదే మొదలుపెడుతున్నారు. అందుచేత గంటస్తంభం గారి క్లబ్బులోని ఆ ఒక్క కోర్టు నిలవాలని మనసారా కోరుకుంటున్నాను. మా పిల్లలను వారానికి రెండు రోజులు అక్కడికి తీసుకురావడానికి అనుమతి దొరుకుతుందా, గంటస్తంభం గారూ?

రెండవది, ముద్రల సంగతి. ఇదే టోర్నమెంటులో నాలుగో రౌండులో బెన్ షెల్టన్‌తో ఆడుతూ అల్కరాజ్ దూరపు బంతి కోసం రాకెట్టు విసిరినంత పని చేశాడు. బంతి తగిలి అవతల పడింది, పాయింటు అతనికే వచ్చింది. బంతిని తాకేసరికి రాకెట్టు తన చేతిలో లేదని అతడే అంపైరుకు చెప్పి ఆ పాయింటును వదులుకున్నాడు. ఏ యంత్రమూ అడగలేదు, ఎవరూ చూడలేదు. మా పిల్లలకు ఆ వీడియోను మూడుసార్లు చూపించాను. యంత్రం వస్తే వద్దనను. కాని ముద్ర దగ్గరకు ఇద్దరు ఆటగాళ్లూ నడిచివెళ్లి "అవును, లోపలే పడింది" అని చెప్పుకొనే అలవాటు చిన్నప్పుడే పడాలంటే ముద్ర నిలిచే నేల ఉండాలి.

బొబ్బిలి వీణ (బొబ్బిలి)
10 జూన్ 2025, రాత్రి 7:20

చంపావతి గారూ, అల్కరాజ్ వదులుకున్న ఆ పాయింటు సంగతి నాకు తెలియదు. వెతికి చూశాను. మీరు చెప్పినట్టే ఉంది. యంత్రాల గురించి నా అభిప్రాయం మారలేదు, ఫైనల్ స్థాయిలో పొరపాటుకు చోటుండకూడదనే ఇప్పటికీ అంటాను. పిల్లల విషయంలో మాత్రం మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

రెండో సర్వీస్ (విజయనగరం)
10 జూన్ 2025, రాత్రి 10:30

ఒక సందేహం. కరణం మల్లీశ్వరి గారు పెరిగింది మన శ్రీకాకుళం జిల్లాలోనే, కోడి రామమూర్తి నాయుడు గారి పేరు చెప్పుకొనే నేల మనది, కొండవెలగాడ లాంటి ఊళ్ల నుంచి బరువులెత్తేవారు దేశస్థాయికి వెళుతూనే ఉన్నారు. టెన్నిస్‌లో మన ఉత్తరాంధ్ర నుంచి ఒక కుర్రవాడు ఇలాంటి టోర్నమెంటు దాకా వెళ్లగలడా? దారి ఎలా ఉంటుంది?

చంపావతి (విజయనగరం)
11 జూన్ 2025, ఉదయం 5:50

వెళ్లినవారు ఉన్నారు బాబూ, మన పక్కనే ఉన్న విశాఖపట్నం నుంచి. సాకేత్ మైనేని 2016లో యూఎస్ ఓపెన్ క్వాలిఫయింగ్‌లో మూడు రౌండ్లు గెలిచి పురుషుల సింగిల్స్ ప్రధాన పోటీలో అడుగుపెట్టాడు. మొదటి రౌండులో జిరి వెసెలీతో అయిదు సెట్లు ఆడాడు. కండరాలు పట్టేసి, నిలబడడమే కష్టమైన స్థితిలో చివరి సెట్ 5-7తో పోగొట్టుకున్నాడు. ఆ మ్యాచ్ తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

దారి సంగతి చెబుతాను. ప్రధాన పోటీలో 128 మంది ఉంటారు. దాదాపు 104 మంది ర్యాంకు బలంతో నేరుగా వస్తారు, 8 మందికి ర్యాంకుతో పనిలేకుండా నిర్వాహకులు వైల్డ్‌కార్డ్ ఇస్తారు, మిగిలిన 16 స్థానాల కోసం మరో 128 మంది క్వాలిఫయింగ్‌లో మూడు రౌండ్లు పోరాడతారు. ఆ క్వాలిఫయింగ్‌కు చేరాలన్నా ర్యాంకు కావాలి. ర్యాంకు కోసం 15 వేల డాలర్ల స్థాయి చిన్న పోటీలతో మొదలుపెట్టి, అంతకు పై మెట్టయిన ఛాలెంజర్ పోటీలలో గెలుస్తూ రావాలి. మన దేశంలో 1997 నుంచి 2017 వరకు చెన్నైలోనూ, ఆ తరువాత 2023 వరకు పుణెలోనూ ఏటీపీ 250 స్థాయి (పురుషుల ప్రొఫెషనల్ టూర్‌కు చెందిన) టోర్నమెంటు జరిగేది. ఇప్పుడు అదీ లేదు. అందుచేత కుర్రవాడు విదేశాలు తిరగాలి. ప్రయాణానికీ, బసకూ, శిక్షకుడికీ సొంత డబ్బే పెట్టుకోవాలి. ప్యారిస్‌లో మొదటి రౌండులో ఓడినవారికి కూడా ఈ ఏడాది 78,000 యూరోలు, అంటే సుమారు 75 లక్షల రూపాయలు ఇచ్చారు. ఆ ఒక్క మ్యాచ్ దాకా చేరితే ఒక ఏడాది ఖర్చు గట్టెక్కుతుంది. చేరడమే కష్టం.

ఆట మాత్రమే చాలదని అందుకే తల్లిదండ్రులకు ముందే చెబుతాను. బరువులెత్తడానికి ఊళ్లో ఒక షెడ్డు, ఒక గురువు, పిల్లవాడి పట్టుదల ఉంటే మొదలుపెట్టవచ్చు. టెన్నిస్‌కు మొదటి రోజు నుంచే ఖర్చు.

మహేంద్రగిరి (పలాస)
11 జూన్ 2025, ఉదయం 9:10

చంపావతి గారు చెప్పినదానికి ఒక పాత జ్ఞాపకం జోడిస్తాను. రామనాథన్ కృష్ణన్ 1960లోనూ 1961లోనూ వింబుల్డన్ సెమీఫైనల్ ఆడారు. మొదటిసారి నీల్ ఫ్రేజర్ చేతిలో, రెండోసారి రాడ్ లేవర్ చేతిలో ఓడిపోయారు. ఆ రెండేళ్లూ కప్పు గెలిచింది ఆ ఇద్దరే. గ్రాండ్‌స్లామ్ పురుషుల సింగిల్స్‌లో అంతకంటే ముందుకు వెళ్లిన భారతీయుడు నేటికీ లేడు.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)
11 జూన్ 2025, రాత్రి 9:45

నేను అడిగిన ప్రశ్నకు ఇన్ని వైపుల నుంచి జవాబులు వచ్చినందుకు సంతోషంగా ఉంది. ఈ మూడు రోజులూ ఆ తొమ్మిది పాయింట్ల గురించే ఆలోచించాను. ఒక గేమ్‌ను 40-0తో గెలిచినా, మూడుసార్లు డ్యూస్ దాటి గెలిచినా పలకలో పడేది ఒక్కటే గీత. సినర్ తాను గెలిచిన గేమ్‌లను సులభంగా గెలిచి, ఓడిన గేమ్‌లలో ఎక్కువ పోరాడి ఉంటేనే ఇలాంటి లెక్క వస్తుంది. చివరి టైబ్రేక్‌లో అల్కరాజ్ 7-0 దాకా వెళ్లిపోయి, ఫోర్‌హ్యాండ్ పాసింగ్ షాట్‌తో ముగించిన తీరు చూస్తే, అంతవరకు తాను వెనుకబడి ఉన్నట్టు అతని ఒంటికి తెలియనే తెలియదనిపించింది. లెక్కలో పాయింట్లన్నీ సమానమే. ఆటలో కావు. నా తరగతిలో సగటు గురించి చెప్పేటప్పుడు ఈ మ్యాచ్‌ను ఉదాహరణగా తీసుకోబోతున్నాను.

గంటస్తంభం (విజయనగరం)
29 జూన్ 2025, సాయంత్రం 6:00

క్లబ్బు సమావేశం జరిగింది. మట్టి కోర్టు గురించి రెండు గంటలు మాట్లాడుకున్నాం. నీళ్ల ఖర్చు, మార్కరు జీతం, వానాకాలంలో మూడు నెలలు మూసి ఉంచవలసి రావడం గురించి అభ్యంతరాలు వచ్చాయి. వాటిలో ఏదీ కాదనలేం. చంపావతి గారి పిల్లల సంగతి చెప్పాను. వచ్చే ఎండాకాలం ముగిసేదాకా కోర్టును ముట్టుకోకూడదనీ, ఆలోగా పిల్లలు వస్తే అప్పుడు మళ్లీ ఆలోచించాలనీ నిర్ణయించారు. చంపావతి గారూ, వానలు తగ్గాక, అక్టోబర్ నుంచి మంగళవారం, శుక్రవారం ఉదయం మీకు వీలవుతుందా? రోలరు లాగడానికి మనుషులు చాలడం లేదు. రెండో సర్వీస్ బాబు కూడా వస్తే ఎంతో సాయంగా ఉంటుంది.

చంపావతి (విజయనగరం)
29 జూన్ 2025, రాత్రి 8:15

తప్పకుండా వస్తాం. పద్నాలుగు మంది పిల్లలు ఉన్నారు. మీకు మా అందరి నమస్కారాలు.

రెండో సర్వీస్ (విజయనగరం)
14 జూలై 2025, ఉదయం 7:00

గంటస్తంభం గారూ, రోలరు లాగడానికి నేను కూడా వస్తాను, నాతోపాటు మా హాస్టల్ నుంచి మరో ఇద్దరు వస్తామన్నారు.

నిన్న వింబుల్డన్ ఫైనల్ చూశారా? మళ్లీ ఆ ఇద్దరే. మట్టి బదులు గడ్డి. మొదటి సెట్ పోయాక సినర్ 4-6, 6-4, 6-4, 6-4తో గెలిచాడు. అక్కడ సింగిల్స్ గెలిచిన మొదటి ఇటలీ క్రీడాకారుడు అతడే. నాలుగో సెట్‌లో 4-3 దగ్గర తన సర్వీస్‌లో 15-40కి వచ్చినప్పుడు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. ఆ రెండు పాయింట్లనూ కాచుకున్నాడు. తరువాత స్కోరు 5-4 అయింది, బంతి అతని చేతికి వచ్చింది. ప్యారిస్‌లోనూ నాలుగో సెట్టే, రెండు సెట్లు ఒకటితో ముందున్నదీ అతడే, స్కోరూ ఇదే, సర్వీసూ అతనిదే. అయిదు వారాల కిందట ఆ గేమ్ పోయింది. నిన్న దాన్ని నిలబెట్టుకున్నాడు.